బొంగరం దెబ్బ

కారెంపూడిలో గుడారాలు వేసుకుని పెద్దలంతా యుద్ధమా, సంధా అని తర్జనభర్జన పడుతుంటే, ఆ పెద్దలకే పెద్దదిక్కైన బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు వీధిలో బొంగరాలాడుకుంటున్నాడు. తల్లికి రాత్రి పీడకల వచ్చింది. ఇవాళ ఆటకు వెళ్లొద్దు నాయనా అంది. పిల్లాడు వినలేదు. విసిరిన బొంగరం దారి తప్పి, అటుగా పోతున్న అన్నమ్మ అనే వైశ్య యువతి కాలికి తగిలింది. నెత్తురు కారింది. ఆమె ఏడవలేదు, తిట్టింది. మీ నాన్న, మీ వాళ్లు అక్కడ చావుకు ఎదురుగా కూర్చుంటే నీకిక్కడ బొంగరాలాటా అని నడివీధిలో నిలదీసింది. అంతమంది పెద్దవాళ్లున్న ఇంట్లో ఎవరూ చెప్పని సంగతి బాలచంద్రుడికి ఒక పరాయి మనిషి కోపంలో తెలిసింది.

ఈ కథ వయసు ఎనిమిది వందల ఏళ్ల పైమాటే. 12వ శతాబ్దం చివరి పాతికేళ్లలో జరిగిన పల్నాటి దాయాదుల పోరు మొదట వీరవిద్యావంతుల గొంతుల్లో పాటైంది. తర్వాత శ్రీనాథుడి పేరున ద్విపద కావ్యమైంది. ఆ ద్విపదలో ఇప్పటికి నిలిచింది ప్రధానంగా బాలచంద్రుడి యుద్ధ ఘట్టమే. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చుకెక్కించారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రొగేర్ అలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. సినిమాగా రెండుసార్లు వచ్చింది. 1947లో అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడైతే 1966లో హరనాథ్. చేతులు మారిన ప్రతిసారీ రాజ్యం కోసం కొట్టుకున్న రాజులు వెనక్కి జరుగుతూ వచ్చారు, ఈ కుర్రాడు ముందుకొస్తూ వచ్చాడు. శౌర్యం ఒక్కటే అందుకు కారణమని చెప్పలేం. శౌర్యానికి ఆ కథలో కరువేం లేదు, కారెంపూడి సంప్రదాయం లెక్కపెట్టే వీరనాయకులే 66 మంది. వీడిలో ఇంకేదో ఉంది. ఇంట్లో అందరూ ప్రేమించే, ఎవరూ ఏమీ చెప్పని పిల్లాడు వీడు. అలాంటి పిల్లాడు తెలుగువాళ్లకు ఏ కాలంలోనూ కొత్తవాడు కాదు.

వాడు పెరిగిన ఇంటి సంగతి కాస్త చెప్పుకోవాలి. పల్నాటి ప్రభువు అనుగురాజుకు ముగ్గురు భార్యలు. మైలమదేవి కొడుకు నలగామరాజుకు గురజాల, వీరవిద్యాదేవి కొడుకు మలిదేవరాజుకు మాచర్ల. ఒకరి పక్షాన నాయకురాలు నాగమ్మ, ఇంకొకరి పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరొదిలి వలసపోయారు. గడువు తీరి, మా భాగం మాకిమ్మని రాయబారం పంపితే, వెళ్లిన అలరాజును చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. ఆ అలరాజు ఎవరో కాదు, నలగాముడికి స్వయానా అల్లుడు. అతని భార్య పేరిందేవి, అంటే నలగాముడి కన్నకూతురు, భర్తతో సహగమనం చేసింది. సొంత బిడ్డ కాపురాన్ని కాల్చుకుని నడిపిన రాజకీయం అది. ఆ గొడవల మధ్య పెరిగే పిల్లాడికి ఏదో జరుగుతోందని మాత్రం తెలుస్తుంది. తను గదిలోకి రాగానే మాట ఆగిపోతుంది. అడిగితే, నీకెందుకురా, పోయి ఆడుకో అంటారు. ఇప్పటి ఇళ్లల్లో అయితే, పోయి చదువుకో.

తల్లి ఐతాంబ ప్రేమకు వంక పెట్టాల్సింది లేదు. ఉన్న ఒక్క కొడుకునూ యుద్ధానికి దూరంగా ఉంచాలనుకుంది. ఏ తల్లయినా అంతే చేస్తుంది. అసలు ప్రశ్న మరోచోట ఉంది. ఒక మనిషిని ప్రేమించడమంటే వాడికి దెబ్బ తగలకుండా చూసుకోవడమా, లేక వాణ్ణి లెక్కలోకి తీసుకోవడమా? చంటిబిడ్డ విషయంలో రెండూ ఒకటే. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ రెండూ విడిపోతాయి. ఆ వయసు పిల్లలు తల్లిదండ్రులతో పడే పేచీలు చాలావరకు అక్కడే మొదలవుతాయి. కంచంలో అన్నీ ఉంటాయి, ఇంటి విషయాల్లో తన మాట ఉండదు. నాన్నకు అప్పెంత ఉంది, అమ్మ ఎందుకు మాట్లాడ్డం మానేసింది, బాబాయి వాళ్లతో ఎందుకు పొత్తు చెడింది, ఇవేవీ తనకు చెప్పరు. కానీ వాటి ఫలితం మాత్రం తనే అనుభవించాలి. నలుగురున్న ఇంట్లో ఒంటరితనం ఇలాగే పుడుతుంది.

అన్నమ్మ చేసిన పని ఈ వెలుగులో చూడాలి. ఆమె బాలచంద్రుణ్ణి ప్రేమించలేదు. వాడి మీద జాలీ పడలేదు. అయితే వాడి జీవితంలో మొదటిసారి, నువ్వు దీనికి జవాబు చెప్పాలి అన్న మనిషి ఆమే. పిల్లాడివిలే అని వదిలిపెట్టలేదు, బ్రహ్మనాయుడి కొడుకని భయపడలేదు. తిట్టులో కూడా ఒక మర్యాద దాగి ఉంటుంది, నువ్వు తిట్టదగినంత మనిషివి అనే మర్యాద. గాయం ఆమె కాలికైనా, పిల్లాడు నిద్రలేచింది ఆ మాటతో. ఈ ఘట్టాన్ని పాడేవాళ్లు దీన్ని వీరరసానికి తలుపుగా వాడుకుంటారు. తాత్వికంగా చూస్తే ఇది యుద్ధం కంటే పెద్ద ఘట్టం.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. నేను యుద్ధానికి పోతానని కొడుకు పట్టుబట్టాడు. తల్లి చెప్పి చెప్పి ఓడింది. చివరికి, వెళ్లే ముందు భార్యను చూసి వెళ్లమంది. గండు కన్నమ కూతురు మాంచాల మొహం చూస్తే అయినా ఆగుతాడేమోనని ఆశ. అప్పటిదాకా వాడు శ్యామాంగి అనే వేశ్య మోజులో పడి మాంచాల గడప తొక్కలేదు. ఆ రాత్రి మాంచాల అతన్ని ఆపలేదు. కత్తి చేతికిచ్చి సాగనంపింది. సభల్లో ఈ సన్నివేశానికి చప్పట్లు ఎక్కువ. కానీ మాంచాల కూడా చిన్న వయసుదే, ఆమె ఎదురుచూసిన ఏళ్లను కథ ఒక్క ఊపులో దాటేసింది. భర్త తనను మనిషిగా గుర్తించింది ఒకే ఒక్క రాత్రి, అదీ చావుకు వెళుతూ. ఆ ఒక్క రాత్రిలో ఆమెకు దక్కిన గౌరవమంతా, అతన్ని పోనిచ్చినందుకు దక్కిన గౌరవం. వీరపత్ని అన్న బిరుదు వెనక ఇంత ఖర్చుందని గమనించిన విమర్శకులు తక్కువ.

మాంచాల ఇంటి నుంచి బయల్దేరాక జరిగిందొకటి, సినిమాల కంటే పాటలో గట్టిగా వినిపించేది, ఈ వ్యాసానికి ప్రాణం లాంటిది. బాలచంద్రుడికి అన్నదమ్ముల వరసలో పెరిగిన స్నేహితులున్నారు. బ్రాహ్మణ అనపోతు, కుమ్మరి, కమ్మరి, మంగలి, చాకలి, ఇలా తలొక కులం. అందరూ కలిసి చావాలనే ఒట్టు. దారిలో బాలచంద్రుడికి ఒక దిగులు పట్టుకుంది. అనపోతు బ్రాహ్మడు, యుద్ధంలో చనిపోతే ఆ పాపం తనకు చుట్టుకుంటుంది. పైగా వాడంటే ప్రాణం. అందుకని, మాంచాల ఇంట్లో వస్తువొకటి మరిచిపోయాను, వెళ్లి తెమ్మని వెనక్కి పంపాడు. వాడు తిరిగొచ్చేసరికి మిగతావాళ్లు వెళ్లిపోయారు. చెట్టుకు కట్టిన కమ్మ ఒకటి కనిపించింది, నువ్విక రావద్దని. అనపోతు దాన్ని చదివి అక్కడే ప్రాణం విడిచాడు.

ఇక్కడ కథ ఎంత నిర్దయగా ఉందో చూడాలి. నన్ను పిల్లాణ్ణి చేసి దాచిపెట్టారు, నిజం చెప్పలేదు అని ఇంటి మీద అలిగి బయటికొచ్చిన కుర్రాడు, రోజు తిరక్కుండానే తన స్నేహితుడి మీద అదే పని చేశాడు. అదీ ప్రేమతోనే. నిజం చెప్పకుండా, సాకు చెప్పి, వాడి మంచి కోసమే అనుకుని. ఐతాంబ కొడుక్కి చేసింది, కొడుకు అనపోతుకు చేశాడు. దెబ్బ తగలకుండా కాపాడిన వాళ్ల చేతిలోనే అనపోతు పోయాడు, శత్రువు కత్తి వాడి దగ్గరికి కూడా రాలేదు. పల్నాటి కథలో ఇంత సూటి తత్వబోధ ఇంకోటి లేదు. దీన్ని కట్టిన కవి ఎవరో, ఏ కులంవాడో, కుటుంబాల్లో బాధ ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా దిగుతుందో బాగా ఎరిగినవాడు.

బ్రహ్మనాయుడి సంగతి మరీ చిక్కు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనానిని చేసిన మనిషి. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన మనిషి. భక్తులకు సాక్షాత్తూ మాచర్ల చెన్నకేశవుడి అంశ. లోకానికంతా పంక్తిలో చోటిచ్చిన తండ్రి సొంత కొడుక్కి మాటలో చోటివ్వలేకపోయాడు. దీన్ని కపటం అనడం అన్యాయం. పెద్ద ఆశయాలున్న ఇళ్లల్లో ఇది తరచూ జరిగేదే. ఊరి తగవులు తీర్చే తండ్రికి సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోతాయి. చివరికి పెద్దలు సంధి వైపు మొగ్గుతుండగా కారెంపూడికి చేరిన బాలచంద్రుడు, యుద్ధమే కావాలన్నాడు. అలరాజును చంపిన నరసింగరాజును వెతికి చంపి, తనూ పడిపోయాడు. సంప్రదాయం ఇందులో శౌర్యాన్ని చూసింది. ఆ కుర్రాడి వైపు నుంచి చూస్తే, సంధి కుదిరితే తన సంగతేమిటన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. యుద్ధం లేకపోతే మళ్లీ బొంగరాల పిల్లాడే.

ఇదే ప్రశ్నను కఠోపనిషత్తు ఇంకో ఇంటి నుంచి మొదలుపెడుతుంది. వాజశ్రవసుడు యాగం చేసి సర్వస్వం దానమిస్తున్నాడు. ఇస్తున్నవేమో ఇక నీళ్లు తాగలేని, మేత మేయలేని, పాలివ్వని ముసలి ఆవులు. పక్కనున్న కొడుకు నచికేతుడికి అది కనిపించింది. తండ్రి తప్పును తప్పనలేక, సర్వస్వంలో నేనూ ఉన్నాను కదా, మరి నన్నెవరికిస్తావని అడిగాడు. తండ్రి పలకలేదు. రెండోసారి, మూడోసారి అడిగాడు. విసిగిన తండ్రి, నిన్ను మృత్యువుకిస్తాను పో అన్నాడు. కోపంలో అన్న మాట. ఇళ్లల్లో రోజూ పడే మాటే. పిల్లాడు దాన్ని నిజం చేసుకుని బయల్దేరాడు.

ఇక్కడి నుంచే రెండు కథల దారులు వేరవుతాయి. యముడు ఇంట్లో లేడు. నచికేతుడు మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో ఉన్నాడు. తిరిగొచ్చిన యముడు ఆ పిల్లాణ్ణి అతిథిగా చూశాడు. నిన్ను ఆకలితో ఉంచాను, తప్పయింది, అందుకు మూడు వరాలు కోరుకో అన్నాడు. ఆత్మ గురించి, మరణం తర్వాతి సంగతి గురించి అడిగిన మూడో వరం మీద భాష్యాలు బోలెడు వచ్చాయి. మొదటి వరం దగ్గర ఆగినవాళ్లు తక్కువ. తన తండ్రి కోపం చల్లారాలి, తను ఇంటికి తిరిగి వెళ్లినప్పుడు తండ్రి తనను గుర్తుపట్టి పలకరించాలి. పిల్లాడు మొట్టమొదట అడిగింది ఇది. బ్రహ్మజ్ఞానం తర్వాత. ముందు నాన్న పలకరింపు. యముడు సరేనన్నాడు. అయితే ఆ ఇంటికి తిరిగివచ్చిన ఘట్టాన్ని ఉపనిషత్తు వర్ణించలేదు. గుమ్మంలో నిలబడ్డ కొడుకుతో వాజశ్రవసుడు ఏమన్నాడో గ్రంథంలో లేదు.

నచికేతుడికి మృత్యువు దగ్గర దొరికింది, బాలచంద్రుడికి ఎక్కడా దొరకలేదు. తనను పిల్లాడిగా కాక మనిషిగా కూర్చోబెట్టుకుని మాట్లాడి, పరీక్షపెట్టి, ఆ తర్వాత ప్రాణాలతో వెనక్కి పంపే పెద్దమనిషి. అన్నమ్మ సగం పని చేసింది, నిలదీసింది. మాంచాల గౌరవించింది. వెనక్కి రమ్మన్నవాళ్లు మాత్రం లేరు.

జర్మన్ తత్వవేత్త హెగెల్ 1807లో అచ్చయిన పుస్తకంలో ఈ గుర్తింపు సమస్యను పోరాటంగా ఊహించాడు. ఎదుటివాడు నన్ను స్వతంత్రుడిగా ఒప్పుకోవాలంటే నేను ప్రాణాన్ని పణంగా పెట్టగలనని చూపించాలి. అంతవరకు బాలచంద్రుడు ఆయనకు బాగా అర్థమయ్యేవాడే. కానీ హెగెల్ వెంటనే ఇంకో మాట కలిపాడు. పోరులో ఒకడు చనిపోతే గుర్తించేవాడూ ఉండడు, గుర్తింపు పొందేవాడూ ఉండడు, మొత్తం ప్రయత్నమే దండగవుతుంది. ఆయన దారిలోనే నడిచిన ఆక్సెల్ హోనెత్ 1992లో గుర్తింపును మూడు రకాలుగా విడదీశాడు. దగ్గరివాళ్ల ప్రేమ, అందరితో సమానమైన హక్కు, నీ వల్ల మాకొక మేలుందని సమాజం ఇచ్చే విలువ. ఐతాంబ మొదటిది దోసిళ్లతో పోసింది. మిగతా రెండూ ఇంట్లో దొరక్క వాడు వీధిలోకి వెళ్లాడు.

మాచర్లకు దగ్గర్లోనే, ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉన్న లోయలో, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1954 నుంచి 1960 వరకు హడావుడిగా తవ్వి, దొరికిన బౌద్ధ శిల్పాలను నాగార్జునకొండ దీవి మీదికి చేర్చారు. బుద్ధుడి జీవితమంతా రాతిలో చెక్కుకున్న సీమ అది. ఆ జీవితంలో తండ్రీకొడుకుల కథ ఒకటుంది, దాన్ని ఇక్కడ తలచుకోవడం అసందర్భం కాదు. ఏళ్ల తర్వాత కపిలవస్తుకు వచ్చిన బుద్ధుడి దగ్గరికి యశోధర చిన్న రాహులుణ్ణి పంపింది, వెళ్లి నీ వారసత్వం అడుగు అని. పిల్లాడు వెంటపడి అడిగాడు. తండ్రి తన శిష్యుడు శారిపుత్రుణ్ణి పిలిచి, వీణ్ణి సంఘంలో చేర్చమన్నాడు. కొడుకు పోయి, ఇప్పుడు మనవడూ పోయిన శుద్ధోదనుడికి గుండె పగిలింది. ఇక మీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ పిల్లవాణ్ణీ చేర్చుకోవద్దని కోరితే బుద్ధుడు ఒప్పుకుని నియమం చేశాడు. ఇల్లు విడిచిపోయిన తండ్రిగా సిద్ధార్థుడి మీద పెట్టగల కేసు ఇప్పటికీ బలమైనదే, దాన్ని భక్తితో కొట్టేయనక్కర్లేదు. అయితే తర్వాత ఆయన కొడుకుతో మాట్లాడిన తీరు వేరు. కాళ్లు కడుక్కున్న చెంబులో మిగిలిన కాసిని నీళ్లు చూపించి, తెలిసి అబద్ధం ఆడేవాడి సాధన ఇంతే మిగులుతుందని చెప్పాడు. ఏ పని చేసేముందైనా, చేస్తుండగానైనా, చేశాకైనా నిన్ను నువ్వు పరీక్షించుకో అన్నాడు. పిల్లాడివిలే అనలేదు. నీ పనికి నువ్వే జవాబుదారీవన్నాడు, ప్రాణం ఇమ్మని మాత్రం అడగలేదు.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది, నరసరావుపేట కేంద్రంగా. ఊళ్ల కూడళ్లలో ఫ్లెక్సీలు చూస్తే ఈ వ్యాసం విషయం అక్కడే వేలాడుతూ కనిపిస్తుంది. పైన నాయకుడి నిలువెత్తు బొమ్మ, పక్కన చోటా నాయకులు, అడుగున వరసగా తపాలా బిళ్లలంత మొహాలు. ఆ అడుగు వరసలో మీసం సరిగ్గా రాని కుర్రాళ్లుంటారు. ఆ బిళ్లంత చోటు కోసం చందా వేసుకుంటారు, బండ్ల ర్యాలీలో ముందు పోతారు, అన్న పిలిచాడంటే రాత్రనక పగలనక పోతారు. ఇంట్లో, నీకెందుకురా అనిపించుకున్న కుర్రాడికి పార్టీ ఆఫీసులో, రారా తమ్ముడూ అన్న పలకరింపు దొరుకుతుంది. 2024 మే 13 పోలింగ్ తర్వాత మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో చెలరేగిన దాడులు, ఆ పైన వచ్చిన 144 సెక్షన్, అధికారుల మీద ఎన్నికల సంఘం చర్యలు అందరూ పేపర్లలో చదివినవే. వాటికి పార్టీలను, పోలీసులను తిట్టడం సరైనదే. ఆ పలకరింపు ఇంట్లో దొరికుంటే ఎంతమంది ఆ బండి ఎక్కేవాళ్లన్న లెక్క కూడా ఎవరో ఒకరు అడగాలి. పాతకాలంలో దాయాదులకు కావాల్సింది కూడా ఇలాంటి కుర్రాళ్లే.

ఇంకో రకం పిల్లలు బండి ఎక్కరు, హాస్టల్‌కు వెళతారు. మిరప తోటల మీద వచ్చిన డబ్బంతా ఫీజులకు పోసి, ఇంటర్ రెండేళ్లు కొడుకునో కూతురినో కార్పొరేట్ కాలేజీలో పెడతారు. ఆదివారం ఫోన్లో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న మార్కుల గురించే. దీన్ని ప్రేమ కాదనడానికి లేదు, చేను తాకట్టు పెట్టిన ప్రేమ అది. కానీ అవతల ఉన్న పిల్లకు తను ఒక అంకెగా మాత్రమే వినబడుతుంది. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు, తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి సరిచూస్తే 99 అని తేలింది. ఆ అమ్మాయి బతికి తన అంకె తను తెచ్చుకుంది. అదే ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని వార్తలొచ్చాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో 2022లో దేశవ్యాప్తంగా ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 13 నుంచి 29 ఏళ్ల లోపువాళ్లలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరితనంతో బాధపడుతున్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోను, 14416, తెలుగులోనూ పలుకుతుంది. ఆ నంబరు హాస్టల్ గోడ మీద ర్యాంకుల పట్టిక పక్కనే ఉంటే మేలు.

పల్నాట్లో ఈ గుర్తింపు ఆకలిని ఇంకో దారి పట్టించినవాడూ ఒకడున్నాడు. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. కులం దాటిన ఆ పెళ్లి ఖరీదు పిల్లాడు కట్టాడు. బడిలో కులం పేరున ఈసడింపు. పదిహేనేళ్లకే, 1910లో, పెళ్లి. రాజమండ్రిలో కొన్నాళ్లు మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పే పని. ఆ తర్వాత బడిపంతులు. పద్యం రాస్తే హిందువులు కులమేమిటన్నారు, పురాణాల మీద రాస్తే క్రైస్తవులు మతమేమిటన్నారు. ఇంటా బయటా చోటు లేని మనిషి పగ పెంచుకోవడానికి ఇంతకంటే కారణాలు అక్కర్లేదు. ఆయన పగను పద్యం చేశాడు. 1941 నాటి గబ్బిలం కావ్యంలో ఒక అరుంధతీ సుతుడు, అంటే అంటరానివాడనిపించుకున్న మనిషి, తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది కాబట్టి. లెక్కలోకి తీసుకోని సమాజాన్ని ఆయన వేడుకోలేదు, జవాబు చెప్పమని బోనెక్కించాడు. అన్నమ్మ బాలచంద్రుణ్ణి నిలదీసినట్టే నిలదీశాడు, ఎవరి ప్రాణమూ తీయకుండా. చివరికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అంతటి అవధాని, బ్రాహ్మణుడు, జాషువా కాలికి తన చేత్తో గండపెండేరం తొడిగాడు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. మరుసటి ఏడు, 1971 జులై 24న, ఆయన పోయాడు.

ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. అయిదు రోజులు. ఊరూరి నుంచి ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకొస్తారు. మందపోరు నాడు చాపకూడు. చివరి రోజు యుద్ధం, మరణం. ఉత్సవాన్ని ఫ్యాక్షన్‌కు మూలమని తీసిపారేసే పట్నం విమర్శ తొందరపాటుది. చనిపోయిన కుర్రాళ్లను ఎనిమిది వందల ఏళ్లుగా పేరు పేరునా పిలుస్తున్న సమాజం అది, మరిచిపోవడం కంటే అది మెరుగే. అడగాల్సిన ప్రశ్న ఉత్సవాన్ని కాదు, పేర్లు పిలవడానికి చావు దాకా ఎందుకు ఆగాలన్నది.

జాషువా కూతురు హేమలత ఈ ప్రశ్నను తన పనిగా పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. నాస్తికవాది గోరా కొడుకు లవణాన్ని పెళ్లాడిన ఆమె, స్టూవర్టుపురంలో, నేరస్థ జాతులని బ్రిటిష్ ప్రభుత్వం ముద్ర వేసిన కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడి పిల్లలకు గుర్తింపు కొరత ఉండేది కాదు, పుట్టీ పుట్టగానే దొంగ అన్న పేరు రాసి పెట్టుకుని ఎదురుచూసే వ్యవస్థ ఉండేది. ఆమె, లవణం కలిసి నడిపిన సంస్కార్ సంస్థ ఆ ఇళ్లలోకి వెళ్లింది. పెద్దల చేత నేరం మానిపించడంతో పాటు పిల్లలను బడికి చేర్చడం కూడా వాళ్ల పనుల్లో ఒకటి. తర్వాత జోగినుల కోసమూ ఆమె పనిచేశారు. 2008లో కన్నుమూశారు.